మిరప చేను గట్టున పెద్దమ్మ చదివిన కథ

పోయిన మంగళవారం పొద్దున, బడిలో హాజరు తీసుకుంటుండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, పెద్దమ్మ పోయినాది," అన్నాడు.

ఆమె మా అమ్మకు అక్క. గోనెగండ్ల దగ్గరి మా పల్లెలో, కూలి చేసుకునే ఇళ్ళ మధ్య, ఏడో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. వెనక వరసలో చెవులు సరిగా వినపడని ముసలివాళ్ళకు కూడా ప్రతి మాటా అందేది.

నాకు ఆరేళ్ళు, తమ్ముడికి నాలుగేళ్ళు ఉన్నప్పుడు, వానలు లేక సగం ఊరు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయింది. మేమూ పోయాం. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఆమెను చూసి, "నీకు వంగేకి కాదు, నిలబడేకి కాదు. యాడికొస్తావమ్మా?" అన్నాడు.

"కాయలు మీరు కోయండప్పా. మీ పిల్లోల్లని నేను సూసుకుంటా," అని మా నాయన చేయి పట్టుకుని లారీ ఎక్కింది.

వెళ్ళిన మూడో రోజే, ఆమె పొయ్యి దగ్గర ఉండగా, తమ్ముడు అమ్మను వెతుక్కుంటూ కాలువ దాకా పోయాడు. నీళ్ళ అంచున నిలబడ్డవాణ్ణి ఎవరో చూసి ఎత్తుకొచ్చారు. పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ ఏడుస్తూనే పాత చీర పేలికతో వాడి కాలిని చేను గట్టున వేసుకున్న మా గుడారం గుంజకు కట్టేసింది. మరుసటి రోజు ఇంకో ముగ్గురు తల్లులూ అదే పని చేశారు. వాళ్ళు చేలోకి పోగానే పెద్దమ్మ ఒక్కో ముడీ విప్పేసింది. సాయంత్రం అమ్మ కోప్పడితే, "గొడ్డుకైతే తాడు సాలు. పిల్లోనికి ఈడ ఉండల్లని అనిపించల్ల," అంది.

అలా అనిపించడానికి ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. దారి తప్పిన మేకపిల్ల కథ, పెద్ద పెద్ద బొమ్మలు. గుడారం నీడలో తొమ్మిది మందిమి ఆమె చుట్టూ చేరేవాళ్ళం. అక్షరాల కింద వేలు జరుపుతూ చదివేది. నక్కకు ఒక గొంతు, మేకపిల్లకు ఒక గొంతు. పేజీ తిప్పే ముందు ఆగి, "ఇప్పుడేం జేస్తాది, సెప్పండి?" అనేది. తలా ఒకటి చెప్పేవాళ్ళం. ఎవరు ఏం చెప్పినా తప్పని అనేది కాదు. కొన్నాళ్ళకు, ఆమె కావాలనే ఒక మాట మార్చి చదివితే, "కాదు పెద్దమ్మా! ఉలిక్కిపడింది అని ఉండాది!" అని తమ్ముడు లేచి నిలబడేవాడు. వాడికి అప్పటికి ఒక్క అక్షరం రాదు. ఉలిక్కిపడడం అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడేవాళ్ళు కారు. చిన్నపిల్లలకు పైకి చదివి వినిపిస్తే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు నేను ఇప్పటికీ ఈ సంగతే చెబుతాను.

"ఒకటే కత ఎన్నిసార్లు సదువుతావక్కా?" అని అమ్మ ఒకసారి నవ్వింది.

"నాకే ఒకటే కత. వానికి పొద్దుకొకటి దొరుకుతాంది. నువ్వే సూడు."

అమ్మ చూసింది. మరుసటి రోజుకు ఆ పేలికలన్నీ పొయ్యి దగ్గర మసిగుడ్డలయ్యాయి.

జూన్‌లో బడి తెరిచాక, వలస పోయొచ్చిన పిల్లలందరినీ మళ్ళీ మొదటి తరగతిలోనే కూర్చోబెడతానన్నారు హెడ్మాస్టరు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. "సార్, మా పిల్లకి పుస్తకమిచ్చి సూడండి. సదవకపోతే మీ ఇష్టం."

ఆయన తీసిచ్చిన పాఠం నేనెప్పుడూ చూడనిది. మొదటి మాట దగ్గరే తడబడ్డాను. అక్షరాల కింద వేలు పెట్టుకున్నాక గొంతు సాగింది. వాక్యం ముగిసినచోట ఆగాను, ప్రశ్న వచ్చినచోట స్వరం ఎత్తాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "ఎవరు నేర్పించినారమ్మా?" అని అడిగారు.

"నేర్పిచ్చింది రోంతే సార్, ఏదో నాలుగచ్చరాలు. నేను సదివినా. వీల్లు ఇన్నారు," అంది పెద్దమ్మ.

నన్ను రెండో తరగతిలో కూర్చోబెట్టారు. మిగతా పిల్లలను కూడా ఒక్కొక్కరినీ చదివించి చూశాకే ఏ తరగతో నిర్ణయించారు. ఇంటికి పోతూ పెద్దమ్మ నా చేయి వదల్లేదు. ఎదురైన ప్రతి మనిషికీ "మా పిల్ల సదివినాది" అని చెప్పుకుంటూ నడిచింది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒకటో తరగతికి టీచర్ని. తమ్ముడు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తాడు. కూతురికి ఒక కథ చదవనిదే డ్యూటీకి చెప్పులేసుకోడు.

పోయినేడు కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన పెద్దమ్మ, నేను కథ చదువుతుండగా మా బడి వరండాలోకి వచ్చి నిలబడింది. "ఆమె ఎవరు, టీచర్?" అని పిల్లలు అడిగారు.

"నాకు కథలు చదివిన మా పెద్దమ్మ," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు తెలియకుండానే ఛాతీ విరుచుకున్నాను.

పిల్లలు జరిగి చోటిచ్చారు. ఆమె గోడ పట్టుకుని మెల్లగా కూర్చుని కాళ్ళు చాపుకుంది. ముందు వరస పాప ఒకతి అడక్కుండానే వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. నేను చదవడం ఆపి వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను. పెద్దమ్మ ఆ పాప జుట్టు సర్దుతూ నా వైపు చూసి, "నిలపాకమ్మా, సదువు," అంది.