వరసలో చివర కుళ్ళాయమ్మ

కుళ్ళాయమ్మకు ఏదైనా అడిగి తెలుసుకోకపోతే అన్నం సహించదు. పంతొమ్మిది వందల యాభై ఏడు ఎన్నికలప్పుడు ఆమెను పట్టుకున్న ప్రశ్న ఒకటే: పెనుకొండ సీటుకు హిందూపురం మనిషిని పార్టీ ఎట్లా ఎంచింది? ఊరి పార్టీ పెద్ద సంజీవప్పను నిలేసి అడిగింది.

"మీరంతా కూచోని చేతులెత్తితిరా అప్పా?"

"యాడమ్మా. బంగళాలో కూచొంటిమి, పైనుంచి పేరొచ్చె, సరే అంటిమి."

ఉన్నమాట చెప్పినందుకే ఆమె ఆయన పని ఒప్పుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరిచేతా ఓటు వేయించాలి.

టికెట్టు దక్కని ఓబుళప్ప అలిగి సొంతంగా నిలబడ్డాడు. కుళ్ళాయమ్మ మొగుడు పాపన్న ఆయన పక్షం చేరి, పోలింగు గదిలో ఏజెంటుగా కూర్చున్నాడు. ఒకే పొయ్యి మీద వండుకు తినే ఇంట్లో రెండు పక్షాలు.

ఆడవాళ్ళతో చిక్కు వేరే ఉంది. ఆఫీసరు మొగుడి పేరు అడుగుతాడు. ఆ పేరు నోట పలికే ఆడది ఊళ్ళో లేదు. పోయిన ఎన్నికల్లో సగం మంది అట్లాగే ఓటు వేయకుండా తిరిగొచ్చారు. కుళ్ళాయమ్మ ఉపాయం పన్నింది: ముందున్నామె మొగుడి పేరు వెనకున్నామె చెప్పాలి. వరస చక్కగా సాగింది. ఓటేసినవాళ్ళు రెండో వాకిట్లోంచి పనులకు పోయారు. ఎవరూ జారిపోకుండా అందరినీ ముందుకు తోలి, తాను చివర నిలబడింది.

"భర్త పేరు?" అన్నాడు ఆఫీసరు.

వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తన తెలివికి తనకే ఒళ్ళు మండింది. పార్టీ ఏజెంటు హిందూపురం నుంచి వచ్చినవాడు, అతనికి ఈ ఊరు కొత్త. ఎదురుగా పాపన్న ఉన్నాడు, కానీ నోరు విప్పితే ఓబుళప్పకు ఎదురు ఓటు పడుతుంది. అందుకని దూలాలు లెక్కపెడుతున్నాడు.

"చెప్పకపోతే ఓటు లేదమ్మా."

ఆమెకు ఏడుపొచ్చింది. ఊరందరి ఓటు వేయించి తన ఓటు పోగొట్టుకోవడమా?

"పాపన్న," అంది.

పాపన్న ఉలిక్కిపడి తల దించుకున్నాడు. ఆఫీసరు కాగితమిచ్చాడు. ఆమె తెరచాటుకు పోయి పార్టీ గుర్తు అంటించిన పెట్టెలో వేసి వచ్చింది.

సాయంత్రం సంగటి పెడుతుంటే పాపన్న మెల్లిగా అడిగాడు. "అంతమందిలో నా పేరు అనేకి నీకు నోరెట్లా వచ్చె?"

"పలికితే ఎట్లుంటాదో అని పెండ్లయినప్పట్నుంచీ అనుకొంటాండా," అంది కుళ్ళాయమ్మ. "నువ్వే చెప్పింటే ఈ జన్మకు నాకు తెలిసేది కాదు."