సినిమాల్లో దొరకని చిన్నమ్మ

“అక్కా, అమ్మ పోయింది” అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను హనుమకొండలో మా బడి స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుతున్నాను. వాడికి అమ్మ, నాకు చిన్నమ్మ. నన్ను కన్న తల్లి నా చిన్నప్పుడే పోతే, నాన్న తర్వాత పెళ్లాడిన మనిషి. ఆమెను నేను ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు. కాజీపేట ఆటో ఎక్కాక అదే పట్టుకుంది నన్ను. మా వైపు చావింట్లో ఊరికే ఏడవరు, పోయినవాళ్లు తమకేమవుతారో ఆ వరసతో పిలుస్తూ ఏడుస్తారు. ఇప్పుడు వెళ్లి నేను ఏమని ఏడవాలి?

చిన్నమ్మను సాగనంపి వచ్చినప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. టీవీ పెడతాను, కట్టేస్తాను. సినిమాలంటేనే మండుతోంది.

సినిమాలంటే ఆమెకు ప్రాణం. ఒంట్లో బాగాలేక మంచం పట్టాక ఆదివారాలు నేను వెళ్లి పక్కన కూర్చునేదాన్ని, ఇద్దరం కలిసి చూసేవాళ్లం. పాత సినిమాల్లో సవతి తల్లి అన్నంలో విషం కలిపేది. ఇప్పటి సినిమాల్లో ఆమె మారిపోయింది. నూలు చీర కట్టుకుని, మెత్తగా మాట్లాడుతూ, పిల్ల తలుపు ధడాలున వేస్తే బయట కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటుంది. తర్వాత ఒక పాట వస్తుంది. గొడుగు, కేకు, స్కూలు బ్యాగు. పాట అయ్యేసరికి అందరూ ఒకే కుటుంబం.

“గసొంటి పాట నాకొక్కటి దొరికితే ఎంత సుఖముండు బిడ్డా” అనేది చిన్నమ్మ. ఇంకోసారి, “రెండు గంటలసంది సూస్తాన, గా పిల్ల తలల పేన్లు ఒక్కసారన్న సూసిందా ఆమె?” అని అడిగింది. నవ్వలేక చచ్చాను. నా తల మీద ఆమె ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో నాకు తెలుసు. జడ ఎంత బిగించి వేసేదంటే కనుబొమ్మలు పైకి లేచేవి.

కొత్త సినిమాల సవతి తల్లి తిట్టదు. దానికి మా చిన్నమ్మ ఒప్పుకునేది కాదు. “తిట్టకపోతే సుట్టపామె అయితది గని, తల్లెట్లయితది?” అనేది. కానీ మొదట్లో ఆమే నన్ను తిట్టేది కాదు. నాన్న గూడ్సు బండి మీద గార్డు, ఇంట్లో ఉండేదే తక్కువ. తమ్ముడు పాలు ఒలకబోస్తే వీపు మోగేది. నేను గ్లాసు పగలగొడితే “పోనీ తియ్ బిడ్డా” అనేది. నాకు ఒళ్లు మండేది. నన్నెందుకు తిట్టవని ఒకరోజు అడిగేశాను.

“గోడవతలోళ్లు ఇంటరు. సవతి తల్లి సతాయిస్తాంది అంటరు” అంది.

ఏడో తరగతిలో ఒకనాడు, ఆగి ఉన్న గూడ్సు కింద నుంచి దూరి పట్టాలు దాటాను. దూరం నుంచి చూసి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. రైల్వే క్వార్టర్లన్నీ చూస్తుండగా చెంప మీద ఒకటిచ్చి, ఇంటిదాకా తిడుతూ లాక్కెళ్లింది. ఏడుస్తూనే ఉన్నాను, లోపల మాత్రం పండగలా ఉంది. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

సినిమాలో ఇదెందుకు పెట్టరు? మీరే చెప్పండి. వాళ్లకు కావలసింది చివర్లో పిల్ల “అమ్మా” అనడం ఒక్కటే. ఆ సీను దగ్గరపడగానే చిన్నమ్మ “ఇగ పిలుస్తది సూడు” అని గోడవైపు తిరిగి పడుకునేది. పదో తరగతిలో ఉన్నప్పుడు, అలాంటి సినిమా చూసి వచ్చి, నేనూ అమ్మా అననా అని అడిగాను. చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే చెప్పింది: “ఆ పిలుపు మీ అమ్మది బిడ్డా. చిన్నమ్మంటె ఏం తక్కువ? అండ్ల గూడ అమ్మ ఉన్నది గదా.”

మనస్ఫూర్తిగా అన్నదా, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అన్నదా? ఆమె గోడవైపు తిరిగినప్పుడల్లా ఈ అనుమానం నన్ను తొలిచేది. అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

ఆ రోజు నేను కాజీపేటలో ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. మేనత్త నా చెయ్యి పట్టుకుని “ఇప్పుడన్న అమ్మా అని పిలువు బిడ్డా, దాని పాణం సల్లబడతది” అంది. ఆడవాళ్లంతా నావైపే చూశారు, సినిమా ఆఖరి సీనులో చూసినట్టు. నోరు తెరిచాను. “చిన్నమ్మా” అనే వచ్చింది. “ఇంక గదేనా” అని వెనక ఎవరో గొణిగారు.

అప్పటిదాకా బండి కోసం, మంచు పెట్టె కోసం తిరుగుతూ కన్నీటి చుక్క రాల్చని తమ్ముడు వచ్చి, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, “చిన్నమ్మా” అని బావురుమన్నాడు.

దుఃఖంలో మాట తడబడిందనుకున్నారు అందరూ. తడబడలేదు. వాడు నన్ను విని మాటలు నేర్చుకున్నాడు. బడికి వెళ్లేదాకా కన్నతల్లిని చిన్నమ్మా అనే పిలిచాడు. క్వార్టర్లలో అందరూ నవ్వేవాళ్లు. ఆమె ఒక్కనాడూ దిద్దలేదు. మేమిద్దరం వాకిట్లో నిలబడి ఒక్కసారే “చిన్నమ్మా” అని అరిస్తే, ఎవరు పిలిచారని కూడా అడగకుండా వంటింట్లోంచి ఒక్కటే జవాబు వచ్చేది.

“ఆగుండ్రి, వస్తాన.”