నాలుగు గౌన్లు

ఎవరు ఏ బట్ట తెచ్చినా ఆమె ముందు దాన్ని తిరగేస్తుంది. రంగు చూడదు, పువ్వులు చూడదు. లోపలి కుట్లు చూస్తుంది. ఎక్కడ విప్పి మళ్ళీ వేశారో, ఎక్కడ దారం మారిందో చూశాకే తెచ్చిన మనిషి మొహం చూస్తుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పిల్లల బట్టలు కుడుతోంది. మేడమెట్ల కింద గది. మిషను కిటికీ దగ్గర, ఇస్త్రీ బల్ల తలుపు దగ్గర. ఆ రెంటి మధ్య ఒంటిని పక్కకి తిప్పి నడవాలి. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుందని వీధి పిల్లలకి ఆమె టేపత్త. పెద్దవాళ్ళు వెనకాల అనుమానాలత్త అంటారు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె, తన కత్తెర పక్కింటావిడ ఎత్తుకుపోయిందని వీధిలో నిలబడి అరిచింది. సాయంత్రానికి కత్తెర ఇస్త్రీ బల్ల కిందే దొరికింది. వీధి ఇంకా మర్చిపోలేదు.

పెరిగే పిల్లల బట్టలో ఆమె గుడ్డ కోయదు. అంచు లోపల నాలుగు వేళ్ళ మడత దాచి, పిల్ల పొడుగైనప్పుడల్లా కొంచెం విప్పుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం ఎదురు సందులో ఉండే గుమాస్తా భార్య సంచీతో వచ్చింది. వాళ్ళింట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఎనిమిదేళ్ళది సొంత కూతురు. పద్నాలుగేళ్ళది తల్లి లేని పిల్ల, గుమాస్తా అక్క కూతురు. రెండేళ్ళ నుంచి వాళ్ళ దగ్గరే ఉంటోంది. తొందరగా పొడుగు సాగుతోందని టేపత్త దాన్ని నిచ్చెనా అని పిలిచేది.

“ఇవి మా చిన్నదానికి సరిపోయేలా చేసివ్వు.”

నాలుగు గౌన్లు. నాలుగూ నిచ్చెనవే.

“మడిచి కుట్టనా?”

“మడతలొద్దు. కోసెయ్.”

“మరి పెద్దది ఏం వేసుకుంటుంది?”

“వాళ్ళ పెద్దమ్మ తీసుకెళ్ళింది. ఇక అక్కడే.”

“ఎప్పుడు?”

“మొన్నెప్పుడో. నీకు కొలతలు కావాలా, కబుర్లు కావాలా?”

ఆమె వెళ్ళాక టేపత్త గౌన్లన్నీ తిరగేసింది. నీలం గౌను అంచు పోయిన నెలే విప్పింది. ఆ రోజు నిచ్చెన పనయ్యాక కూడా స్టూలు మీద కూర్చుండిపోయింది. “ఇంటికెళ్ళవే, మీ అత్త తిడుతుంది” అని టేపత్తే పంపించింది. ఆ తర్వాత పిల్ల వీధిలో కనపడలేదు.

చాప మీద కూర్చుని కాజాలు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది.

“వదినా, నీ ముక్కు మళ్ళీ కదులుతోంది.”

“ఆ పిల్లకి ఉన్నవి ఈ నాలుగే. నాలుగూ నేనే కుట్టాను. మరి ఏం వేసుకుని వెళ్ళింది?”

“కొత్తవి కొనుంటారు.”

“దానికా? వాళ్ళా?”

“కత్తెర సంగతి గుర్తుందిగా. పక్కింటావిడ కాళ్ళు పట్టుకున్నంత పనైంది. నాకింకా ఈ వీధిలో తలెత్తుకుని నడవాలని ఉంది తల్లీ.”

టేపత్త గౌన్లు సంచీలో పెట్టి బల్ల కిందకి తోసింది.

సాయంత్రం గుమాస్తా స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి.

“అయ్యాయా?”

“కత్తెర సానకిచ్చానన్నయ్యా.” కత్తెర ఆమె ఒళ్ళోనే ఉంది, గుడ్డ కింద. “పెద్దది ఎలా ఉంది?”

“బాగానే ఉంది. హాస్టల్లో బోలెడంతమంది పిల్లలు.”

“హాస్టలా? పెద్దమ్మ ఇల్లన్నారుగా?”

అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. “పెద్దమ్మే చేర్చింది.”

“ఏ ఊళ్ళో?”

“నీకెందుకమ్మా, వెళ్ళి చూసొస్తావా?” నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. “బట్టలిటివ్వు. ఇంకోచోట ఇచ్చుకుంటాం.”

“తడిపేశాను. రేపు తీసుకెళ్ళండి.”

అతను గదంతా చూశాడు. బకెట్టు లేదు. దండెం మీద ఏమీ లేదు. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. నిజంగా బట్టల కోసమే వచ్చినవాడైతే గొడవ చేసేవాడే.

ఆడపడుచు సూది ఆపింది.

“వదినా, ఆ పిల్లని ఎవరైనా వెతుకుతున్నారంటావా?”

“వెతకమని చెప్పాల్సినవాళ్ళు వీళ్ళే.”

“బడిలో అడగరూ?”

“బడికీ ఏదో చెప్పే ఉంటారు.”

పిల్ల పారిపోయిందో, ఎవరింటికో పనికి పంపారో, ఇంకేమైందో. టేపత్తకి తెలిసింది ఒక్కటే. ఆ పిల్ల కనపడటం లేదన్న మాట ఇంతవరకూ ఎక్కడా ఎవరూ అనలేదు. తన అనుమానం తప్పైతే వీధి తను పోయేదాకా నవ్వుతుంది. తప్పు కాకపోతే ఇప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున ఆమె గది తెరవలేదు. సంచీ పట్టుకుని పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. బల్ల దగ్గరి కానిస్టేబుల్ అంతా విన్నాడు.

“ఇంటివాళ్ళేరీ?”

“రారు.”

“మీరేమవుతారు?”

“ఏమీ కాను. బట్టలు కుడతాను.”

“ఇంటివాళ్ళు చెప్పనిదే ఎలాగమ్మా?”

“వాళ్ళు చెప్పరనే నేనొచ్చాను.”

“పిల్ల నిజంగానే హాస్టల్లో ఉంటే?”

“నన్ను తిట్టండి, పడతాను. ముందు ఏ హాస్టలో ఆయన్ని అడగండి.”

అతను పెన్ను మూత తీయలేదు. ఆమె గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. మనుషులు వచ్చారు, వెళ్ళారు. అతను రెండుసార్లు అటు చూశాడు. ఆమె కదల్లేదు.

పదకొండు దాటాక అతను కాగితం ముందుకి లాక్కున్నాడు.

“వయసెంత?”

“పద్నాలుగు.”

ఆమె లేచి, అతను ఏం రాస్తున్నాడో కనిపించేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది.