బరువు చూపించేకి రా అప్పా

మీ ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోను మాత్రం ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం పదింటికి తప్పకుండా మోగుతుంది. "మాత్రలు మింగినావా అప్పా?" అని అడిగి, జవాబు కోసం ఆగినట్టు కాసేపు ఆగుతుంది. తరువాత, "బరువు చూపించేకి రా." అది రత్నమ్మ గొంతు. హెచ్ఐవి మందులిచ్చే మా కేంద్రం కోసం ఆమె రికార్డు చేసిన మాటలు. కరోనా రెండో దఫాలో ఆమె పోయింది. పోయిన తొమ్మిదో రోజున కూడా ఆ ఫోను వచ్చింది.

రత్నమ్మ అక్కడ కౌన్సిలర్. ఆమెకూ హెచ్ఐవి ఉండేది. బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషను దగ్గర నిలబడే ఓపిక పోయి, ఎముకల గూడులా నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, గుమస్తా నా మందుల పుస్తకాన్ని చేత్తో ముట్టుకోకుండా పెన్సిలుతో వెనక్కి తోశాడు. ఆ పెన్సిలు ఏ రంగో ఇప్పటికీ చెప్పగలను. రత్నమ్మ ఆ పుస్తకం అందుకుని నన్ను బరువు యంత్రం ఎక్కించింది. "చొక్కాకే బరువు ఉండాది, నీకు లేదు" అంది. చాలా నెలల తరువాత నవ్వాను.

మాలో చిక్కిపోవడమంటే చావు. అందుకే ఎవరు కిలో పెరిగినా ఆమె అందరిచేతా చప్పట్లు కొట్టించి మైసూరుపాకు పంచేది. నేను లావయ్యాను. ఆమె నాకంటే లావైంది. ఒక ఉదయం ఆమె మూడు సీసాల నీళ్ళు వరసగా తాగడం చూసి, షుగర్ చూపించుకోమన్నాను.

"వైరస్ నిద్రపోతా ఉండాది. ఇంకేమి రోగమప్పా? నా ఒళ్ళు చూసి కుళ్ళుకోవద్దు" అంది. నేనూ నవ్వి మైసూరుపాకు ఇంకో ముక్క తీసుకున్నాను. మా కేంద్రం డాక్టరును ఆమె షుగర్ గురించి అడిగితే, తలెత్తకుండానే, "వైరల్ లోడ్ తక్కువే ఉంది కదా" అన్నాడు.

మీ కరోనా వార్డు నుంచి ఆమె నాతో ఫోనులో ఒక్కసారే మాట్లాడింది. "దాహమప్పా. తాగినా తీరలేదు. ఏమి చెప్పినా హెచ్ఐవి కదా అంటారు." పోయాక కారణమూ అదే చెప్పారు. ఏళ్ళుగా అదుపులో ఉన్న వైరస్ మీదే నేరం మోపారు.

తరువాత పరీక్ష చేయించుకుంటే నాకూ షుగర్ ఉంది. ఇప్పుడు బరువు పక్కన నడుము కొలత, షుగర్ రాసుకుంటున్నాను. ఫోను మోగితే ఆ అంకెలు ఆమెకు చదివి వినిపిస్తాను. ఆమె ఆగిన ఆ కాసేపు సరిపోతుంది. చివర్లో ఆమె గొంతు వెనక చప్పట్లు వినిపిస్తాయి. రికార్డు చేసిన రోజు ఎవరో కిలో పెరిగారు, ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

ఇది నాలుగో ఉత్తరం. మీ వార్డులో ఉన్న పది రోజుల్లో ఆమె షుగర్ ఎవరైనా చూశారా? చూస్తే ఎంత ఉంది? చూడకపోతే ఎందుకు చూడలేదు? చనిపోయిన మనిషి అడిగితే నేను ప్రతి నెలా జవాబు చెబుతున్నాను. బతికున్నవాణ్ణి అడుగుతున్నాను, మీరు ఒక్కసారి చెప్పండి.