దెయ్యం కథలకు తీర్పరి సుభద్రమ్మ గారు

తాడేపల్లిగూడెం సుభద్రమ్మ గారు గత మంగళవారం గుండెపోటుతో కాలం చేశారు. ఏలూరు బస్టాండులో నిలబడి ఫోనులో ఆ దుర్వార్త విన్నాను. ఎక్కవలసిన బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. ఆ విదుషీమణి ఎవరో లోకానికి తెలియదు. తెలియకపోవడానికి కారకులలో నేనొకణ్ణి. ఆమెకు నివాళి రాసే అర్హత నాకు లేదు. ఇంకెవరూ రాయరు కనుక రాస్తున్నాను.

నేను ఒక ఫోన్ యాప్‌లో దెయ్యాల కథలు చదివి వినిపిస్తాను. ప్రతి కథ చివరా నా నంబరు చెప్పుకునే చాపల్యం ఉండేది. నాలుగేళ్ల కిందట ఒక అపరిచిత స్త్రీ ఫోను చేశారు. "ఏవండీ, కొల్లేట్లో సముద్రం హోరేంటండీ? మా పుట్టిల్లు అక్కడే, లంక ఊళ్లో. ఒక్కోసారి నీళ్ల చప్పుడే ఉండదండీ. భయమంతా అందులోనే కదా!" ఏలూరులో పుట్టి పెరిగి, అరగంట దూరంలో ఉన్న సరస్సు కథకు ఇంటర్నెట్‌లో దొరికిన కెరటాల మోత తగిలించిన ఘనుణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి ఆమెకు శిష్యుణ్ణయ్యాను.

ఆమె శ్రవణవిధానమే వేరు. భర్త సుబ్బారావు గారి బియ్యం కొట్టులో, మిట్టమధ్యాహ్నం, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ వినేవారు. ఏరే చెయ్యి ఆగిందా, చదివినవాడు నెగ్గినట్టు. "పగలు భయపెట్టలేనివాడు చీకట్లో భయపెడితే ఆ గొప్ప చీకటిదండీ, వాడిది కాదు" అనేవారు. సాయంత్రం నాకు ఫోను వచ్చేది. "చెయ్యి ఆగలేదండీ." అంతే, దానికి అప్పీలు లేదు.

ఒకసారి దెయ్యం మాటలు రొప్పుతూ చదివి, ఆహా ఎంత బాగా వచ్చిందని మురిసిపోయాను. "అదేంటండీ, ఊపిరి లేనిదానికి ఆయాసమా?" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ చదివి చూసుకున్నాను. ఆమె మాటే నిజం. ఈవేళ నాకున్న కాస్త పేరూ ఆ మహాతల్లి పెట్టిన భిక్ష.

కిందటి వానాకాలం ఆమే ఒక కథ చదివి పంపారు. కొల్లేటి పడవ కథ, సొంతంగా అల్లుకున్నది. యాప్‌లో పెట్టించమన్నారు. ఆమె నన్ను కోరినది ఆ ఒక్కటే. యాప్ మేనేజరు నా అభిప్రాయం అడిగాడు. తాడేపల్లిగూడెం వెళ్లే రైల్లో కూర్చుని ఐదు నిమిషాలు విన్నాను. "పెద్దావిడ గొంతు, బాగా నెమ్మది, మనవాళ్లు ఎవరు వింటారండీ?" అన్నాను. కథ అంతటితో మూలపడింది.

"ఎలా ఉందండీ?" అని ఆమె అడిగారు.

"అద్భుతమండీ!"

"మొత్తం విన్నారా?"

"ఎంతమాట, వినకుండానా?"

"అయితే చివర్లో పడవలో ఎవరు మిగిలారండీ?"

"లైను సరిగ్గా లేదండీ" అన్నాను. "పర్లేదండీ, పనులుంటాయి కదా" అన్నారు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కూడా నా కథలు వింటూనే ఉన్నారు, తప్పులు చెబుతూనే ఉన్నారు. తన కథ ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అంత్యక్రియల మర్నాడు పట్టపగలు ఆ కథ మొత్తం విన్నాను. ఆమె కేక వేయలేదు, గొంతు మార్చలేదు. పక్కింటావిడకు చెబుతున్నట్టు చెప్పుకుపోయారు. చివరికి వచ్చేసరికి లేచి వీధి తలుపు తీసి పెట్టుకున్నాను. నలభై ఏళ్లవాణ్ణి, నాకు మనుషుల అలికిడి కావలసి వచ్చింది. అంతటి విద్యను ఐదు నిమిషాల్లో పాతిపెట్టిన పాపం నాది.

ఇప్పుడు మేనేజరుకు ఆ కథ కావాలట. "చనిపోయినావిడ గొంతు అని పెడదామండీ, ఎగబడి వింటారు!" అన్నాడు. ఛీ అనిపించింది. అయినా ఆమె కోరిక కదా అని సుబ్బారావు గారిని అడిగాను.

"పెట్టించండి. మా ఆవిడ ఎంతో ఆశపడింది. పోయిందని మాత్రం చెప్పకండి. ఆవిడ చదివినదానికి భయపడాలండీ జనం, పోయినందుక్కాదు" అన్నారు.

"ఆ మాట లేకపోతే ఎవరు వింటారండీ?" అన్నాడు మేనేజరు. అతణ్ణి ఏమని తిట్టను? ఆ ప్రశ్న అతనికి నేర్పింది నేనే. కథ మళ్లీ ఆగిపోయింది.

సుభద్రమ్మ గారూ, మీ ఫోటో ముందు నిలబడే మొహం లేక ఈ అక్షరాలతో నమస్కరిస్తున్నాను. తీరని లోటు అని పోయినవాళ్లందరి గురించీ రాస్తారు. నిన్న ఒక కొత్త కథ చదివాను. పరమ చెత్తగా చదివానని నాకు తెలుసు. విన్నవాళ్లందరూ బాగుందన్నారు.