తియ్యగా మాట్లాడిన డాక్టరమ్మ

ఆ రోజుల్లో మమ్మల్ని ఎవరైనా మెచ్చుకుంటే ముందు వాళ్ళకి మాతో ఏం పని పడిందా అని చూసేవాళ్ళం. హౌస్ సర్జన్ బతుకంటేనే అనుమానాల పుట్ట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనకాపల్లిలో పిల్లల ఎమర్జెన్సీ వార్డులో నాకు పోస్టింగు పడింది. అక్కడి పెద్ద డాక్టరుగారు (చాటున పెద్దాయన అనేవాళ్ళం) ఒక కొత్త పద్ధతి పెట్టేరు. వైద్యం ఎలా చేసేమో ఆయన చూసుకుంటారట, ఎలా మాట్లాడేమో మాత్రం పిల్లల తల్లిదండ్రులు చెప్తారట. డాక్టరు పేరు చెప్పిందా, మీ మాట పూర్తిగా విందా, అర్థమయ్యేలా చెప్పిందా అని ఒక కాగితం. మూడు కాగితాలు చెడ్డగా వస్తే పోస్టింగు ఇంకో రెండు వారాలు. నాకప్పటికే రెండు వచ్చేయి. (హాస్టల్లో నా పేరు సూదిమందు. ఊరికే రాలేదు ఆ పేరు.) నెలాఖరుకి హైదరాబాదులో పీజీ కోచింగు మొదలు. నా కోసం అక్కడెవరూ ఆగరు.

తల్లిదండ్రులకి ఆ కాగితమంటే మాకన్నా అనుమానం. ఆస్పత్రిలో సంతకం అడిగేరంటే ఆపరేషనేనని వాళ్ళ నమ్మకం. ఒకావిడైతే జ్వరమొచ్చిన పిల్లని చంకనేసుకుని, వేలిముద్ర వేస్తే కిడ్నీ తీసుకుంటారా అని నర్సమ్మని నిలదీసింది. నాకేమో నాతోపాటు పనిచేసే పొడుగాయన మీద అనుమానం. అతనికన్నీ మంచి కాగితాలే. చాటుగా బిస్కట్లు పంచుతున్నాడేమోనని రెండు రోజులు కాపు కాసేను, దొరకలేదు. ఇక లాభం లేదని అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చేసేను.

ఆ మర్నాడే కె. కోటపాడు వైపు నించి బెల్లం వండే రైతు ఒకాయన, భార్యతో కలిసి మూడేళ్ళ కొడుకుని తెచ్చేడు. వాంతులు, విరేచనాలు. పిల్లాడి కళ్ళు లోపలికి పోయేయి, ఏడుస్తున్నా కన్నీళ్ళు రావట్లేదు. సెలైను పెట్టేను. పెట్టి, నవ్వేను. నా పేరు చెప్పి, కుర్చీ వేసి, అన్నయ్యా కూర్చోండి, వదినా మంచినీళ్ళు తాగండి, ఏం భయం లేదు, బాబు బంగారం అంటూ పది నిమిషాలకోసారి వచ్చి చెప్పేను. నేను నవ్విన కొద్దీ ఆయన మొహం నల్లబడింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టింది. నాకేం అర్థం కాలేదు. మార్కులు తగ్గుతున్నాయేమోనని ఇంకాస్త నవ్వేను.

పక్క మంచం చూసి వచ్చేసరికి ఆయన సెలైను ప్లాస్టరు పీకుతున్నాడు. బయట ఆటో మాట్లాడేసేడట, విశాఖపట్నం తీసుకుపోతాడట. ఎందుకని అడిగేను, నవ్వుతూనే.

"సూడు తల్లీ, నాను బెల్లం వండేవోణ్ణి. మరీ మెరిసిపోతన్న బెల్లమంటే అందులో మందు కలిపేరని మాకు తెలుసు. మాలాంటోళ్ళకి డాక్టర్లు కుర్సీ ఏత్తారా ఎక్కడైనా? మావోడు బతకడని నీకు తెలిసిపోనాది. అందుకే ఇంత తియ్యగా మాటాడతన్నావు."

నా కోచింగూ, కాగితం, నవ్వూ అన్నీ ఎగిరిపోయేయి. ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేసేను. "బుద్ధుందా నీకు? ఒంట్లో నీళ్ళు అయిపోయి పడున్న పిల్లాణ్ణి, సూది పీకి ఆటోలో ఎక్కిస్తే దారిలోనే పోతాడు. సాయంత్రంలోగా ఉచ్చ పోసేడా, గండం గడిచినట్టే. పొయ్యకపోతే అంబులెన్సులో నేనే నీతో విశాఖపట్నం వస్తాను. అంతవరకూ ఆ సెలైను ముట్టుకున్నావంటే ఊరుకోను."

వార్డంతా వింది. నాకూ భయంగానే ఉంది మరి. ఆయన మాత్రం, విచిత్రం, నిమ్మళంగా కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ తిడతన్నాదంటే పర్లేదు, ఏడవకే అని భార్యకి చెప్పేడు. నాలుగింటికి పిల్లాడు నా తెల్లకోటు మీదే పోసేడు. నేనూ ఆ తల్లీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఏడ్చేం.

రెండ్రోజులకి ఇంటికెళ్తూ ఆయన కాగితం అడిగి మరీ పుచ్చుకున్నాడు. రాయడం రాదు గనక ఆయన చెప్తుంటే నర్సమ్మ రాసింది. పెద్దాయన నన్ను పిలిచి చదివేరు. నవ్వినంతసేపూ బిడ్డ పోతాడనుకున్నాడట, తిట్టేక బతుకుతాడని నమ్మేడట, మంచి డాక్టరమ్మట. నేను గర్వంగా నిలబడ్డాను. పెద్దాయన కళ్ళజోడు తీసేరు.

"నువ్వు నిజం చెప్పేవని నమ్మేడమ్మా, తిట్టేవని కాదు. ఆ నిజమేదో వాళ్ళు రాగానే చెప్పుంటే ఆ తల్లి అంతసేపు ఏడ్చేదా?"

ఆ కాగితాన్నే మూడో చెడ్డ కాగితంగా లెక్కేసి పెద్దాయన రెండు వారాలు పొడిగించేరు. కోచింగు నేను లేకుండానే మొదలైంది. హాస్టలుకెళ్ళి ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మొన్న ఒక తల్లి, నా బిడ్డకి ఏమవుతుంది డాక్టరమ్మా అని అడిగితే, పక్కన కూర్చుని నాకేం తెలుసో, ఏం తెలీదో అంతా చెప్పేను. పావుగంట పట్టింది. ఆ పావుగంట ఆ రోజున కూడా నా దగ్గర ఉంది. పిచ్చిదాన్ని, నవ్వడానికి వాడేసేను.