మెయిన్ ఆపిన మనిషి

ఆ వార్డెనమ్మ నాకు మొదటి రోజు నుంచీ పడలేదు. కారణాలు ఏమంత పెద్దవి కావు. "జర చెప్పులు ఆడ్నే ఇడువుండ్రి సార్" అంది. విప్పాను. గేటు దగ్గర లావుపాటి రిజిస్టర్ ముందుకు తోసి పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని, వచ్చిన టైము రాయమంది. రాశాను. ఆడపిల్లల హాస్టల్ కదా, అడగడంలో తప్పేమీ లేదు. అయినా ఒళ్ళు మండింది. చిక్కడపల్లిలో అద్దింటి ముందుగదిని వర్క్‌షాప్ చేసుకుని రెండేళ్ళుగా పరికరాలు తయారు చేస్తున్న ఇంజనీరుని నేను. నన్ను ఆవిడ కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడిలా చూసింది. కుళాయి బాగుచేసేవాడు కనీసం పని పూర్తిచేసి వెళ్తాడని అప్పుడు నాకు తట్టలేదు.

అశోక్ నగర్‌లో ఆ హాస్టల్ ఓనరుకి అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు గదికి నలుగురు చొప్పున ఉంటారు. పొద్దున అందరూ ఒక్కసారే స్నానాలకు లేస్తే డాబా మీద ట్యాంకు ఖాళీ. వార్డెనమ్మ రోజుకి మూడుసార్లు మూడంతస్తులెక్కి, ట్యాంకులో కర్ర ముంచి, తడి ఎంతదాకా వచ్చిందో చూసి మోటారు వేసేది. ఆ కర్ర పనే నేను తయారుచేసిన డబ్బా చేయాలి. నీళ్ళు తగ్గితే ఓనరు ఫోనుకి మెసేజ్ పంపాలి. వారం రోజులు ఆగకుండా నడిస్తే అన్ని హాస్టళ్ళలోనూ పెట్టిస్తానన్నాడు. నడవకపోతే మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటానని ఇంట్లో మా ఆవిడకి మాటిచ్చాను. ఉద్యోగమంటే నాకు జైలుతో సమానం.

డబ్బాలో ఉన్నది అరచేతిలో పట్టే లినక్స్ బోర్డు. చిన్నదే అయినా పూర్తి కంప్యూటర్. దాని బుర్రంతా వేలిగోరంత మెమరీ కార్డులో ఉంటుంది. అది ఏదో రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే కార్డు పాడై, ఇక లేవదు. కొత్త ఆలోచనలు బల్ల మీద పెట్టి పరీక్షించుకోవడానికి చేసిన వస్తువు అది, ట్యాంకు కింద నెలల తరబడి కాపురం చేయడానికి కాదు. పక్కన చిన్న బ్యాటరీ పెట్టి, కరెంటు పోగానే బుద్ధిగా పనులు ముగించుకుని పడుకోవడం దానికి నేర్పితే సరిపోయేది. ఒక పూట పని. బ్యాటరీ పెడితే డబ్బా లావై అసహ్యంగా కనిపిస్తుందని నేనే పెట్టలేదు.

మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు పొద్దున పదిన్నరకి మెసేజ్‌లు ఆగిపోయాయి. ఉరుకులు పరుగుల మీద వెళ్ళి చూస్తే బోర్డు చచ్చి ఉంది. కరెంటు పోయిందా అని వార్డెనమ్మని అడిగాను.

"నేనే మెయిన్ బంద్ చేసిన సార్. రోజు చేస్త. పిల్లలు హీటర్ రాడ్లు బకెట్లల్ల అట్లనే పెట్టి చదువుకోనీకి పోతరు, అవన్ని తీసినంక మల్ల ఏస్త. ఒకసారి పరుపు అంటుకున్నది. మీకు మొదటి రోజే చెప్పిన గద."

"నాకెప్పుడు చెప్పావ్?" అన్నాను. అంతవరకూ మీరు అన్నవాణ్ణి, ఆ పూట నువ్వులోకి దిగాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు మెట్ల మీద నిలబడి చూస్తున్నా నోరు పారేసుకున్నాను. ఆవిడ డబ్బా చూడకుండా కర్ర తీసుకుని డాబా ఎక్కింది. ఆ కర్ర చూసేసరికి నా కోపం రెండింతలైంది.

అక్కణ్ణుంచే ఓనరుకి ఫోన్ చేశాను. "మీ వార్డెన్ కావాలనే ఆపేసింది. మిషన్ వస్తే తన పని పోతుందని భయం" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకే తెలియదు. ఆవిడ అలాంటి భయమేదీ నాకు చెప్పలేదు.

"నాక్గూడ డౌటే ఉండె అన్న. నేను చూసుకుంట, నువ్వు పరేషాన్ గాకు. ఇంకో వారం తీసుకో" అన్నాడు. పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి మీద అనుమానం పడడానికి ఆ పెద్దమనిషికి నా ఒక్క ఫోన్ సరిపోయింది. అలాంటివాడంటే అసహ్యం వేయాలి. నాకు హాయిగా అనిపించింది.

ఇంటికెళ్ళి కొత్త కార్డు వేసి, ఆ ఒక్క పూట పనీ చేశాను. ముందు మూడు రోజులూ మెయిన్ ఆపిన క్షణంలో కార్డు ఏమీ రాసుకోకపోవడం వట్టి అదృష్టం. డబ్బా లావైంది. ఎవరూ అసహ్యంగా ఉందనలేదు. వారమూ నడిచింది.

ఎనిమిదో రోజు ఓనరు రమ్మంటే వెళ్ళాను. గేటు దగ్గర కొత్త వార్డెన్, అదే రిజిస్టర్. పాతావిడ ఏదని అడిగితే, "తీసేసిన్రంట సార్. ఎటు పోయిందో నాకు తెల్వదు" అంది. మెయిన్ సంగతి అడిగితే తానూ రోజూ పదిన్నరకి బంద్ చేస్తానంది. పాతావిడ పోయే ముందు అంతా చూపించి పోయిందట.

పేరు రాయబోతూ ఎందుకో పేజీలు వెనక్కి తిప్పాను. నా మొదటి రోజు వరస దొరికింది. నా పేరు, నా టైము. చివరి గడిలో వంకరటింకర అక్షరాలు: "మెయిన్ రోజు పదిన్నరకు బంద్ చేస్తనని చెప్పిన. ఏం కాదన్నరు."

అప్పుడు గుర్తొచ్చింది. డాబా మీద నేను, ఒళ్ళో ల్యాప్‌టాప్, నెత్తిన ఎండ, తెర కనబడక చిరాకు. పక్కన ఎవరో ఏదో అడుగుతుంటే తలెత్తకుండా "ఏం కాదు, ఏం కాదు" అన్నాను.

ఓనరు మెట్లు దిగొచ్చి భుజం తట్టాడు. "కమాల్ చేసినవ్ అన్న! అన్ని హాస్టళ్ళల్ల పెట్టేద్దాం." పేజీ ఇంకా నా చేతి కిందే ఉంది. చూపిస్తే ఆవిడని వెనక్కి పిలిచేవాడేమో. నేను ఈ రోజు పేజీకి వచ్చి, సంతకం పెట్టి, పుస్తకం మూశాను.

డబ్బా ఇప్పటికీ నడుస్తోంది. కరెంటు ఆగగానే నాకు మెసేజ్ పంపేలా నేనే రాశాను. రోజూ పదిన్నరకి ఫోను మోగుతుంది. మెయిన్ ఆపారు, అని వస్తుంది.